బంతి బొమ్మ కింద ‘వృత్తం’ అని రాసిన పాప

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆకారాల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గడగడా చెబుతుంది. అయినా మొన్న పరీక్షలో బంతి బొమ్మ కింద ‘వృత్తం’ అని రాసి మార్కు పోగొట్టుకుంది. మూల మీద నిలబెట్టినట్టు గీసిన చతురస్రాన్ని ‘డైమండ్’ అంటుంది. సిలిండర్ అంటే వంటింట్లోని గ్యాస్ బండ ఒక్కటే అనుకుంటోంది. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే కదా అని నేనంటే, టీచరు కాదన్నారని ఏడ్చింది. గోడ నిండా చార్టులు అంటించాను, ఫోనులో వీడియోలు చూపించాను. ఆకారాల కిట్టు కొనమని ఇరుగుపొరుగు అంటున్నారు. మా అత్తగారేమో ‘నాలుగు ముగ్గులు నేర్పితే అన్నీ అవే వస్తాయి’ అంటారు. నాకు చిన్నప్పటి నుంచి లెక్కలంటే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం:

అమ్మా,

ముందు పోయిన ఆ మార్కు సంగతి. కాగితం మీద బంతిని గీయమంటే మీరైనా నేనైనా గీసేది ఒక గుండ్రటి గీతే. మీ పాప తన కంటికి కనిపించిన గీతకు పేరు రాసింది. ఆ గీతకు ఆ పేరు సరైనదే. ప్రశ్న గీత గురించి కాదని, ఆ గీత ఏ వస్తువుకు గుర్తో ఆ వస్తువు గురించి అని పాపకు ఎవరూ చెప్పలేదు. నిజమైన బంతిని ఒక చేతిలో, గాజును ఇంకో చేతిలో పెట్టి ‘రెండూ ఒకటేనా?’ అని అడిగి చూడండి. కాదని వెంటనే అంటుంది. చేతికి తెలిసిన తేడా కాగితం మీదికి వచ్చేసరికి మాయమవుతోంది. మీరు అంటించిన చార్టులూ కాగితాలే, ఫోను తెర కూడా చదునైనదే. వాటిలో బంతీ వృత్తమే, గాజూ వృత్తమే. అందుకే చార్టులను కొన్నాళ్లు గోడ మీద నుంచి తీసి పక్కన పెట్టండి. వస్తువు ఎలా ప్రవర్తిస్తుందో చేతికి ముందు తెలియాలి, పేరు చివర రావాలి. మీ ఇంట్లో ఈ వరుస తిరగబడింది, అంతే.

ఈ తికమకలో మన మాటకు కూడా కొంత వాటా ఉంది. బంతి గుండ్రంగా ఉంటుంది అంటాం. గాజు గుండ్రం, అప్పడం గుండ్రం, మండపంలో స్తంభం గుండ్రం. నాలుగు వేరువేరు ఆకారాలకు ఒకే మాట. అది వింటూ పెరిగిన పిల్ల బంతికీ వృత్తానికీ ఒకే పేరు పెట్టిందంటే ఆశ్చర్యం లేదు. కానీ అదే తెలుగులో, అదే వంటింట్లో ఇంతకంటే పదునైన మాటలున్నాయి: ఉండ, బిళ్ళ, గొట్టం, పెట్టె, పొట్లం. సున్నుండను ఎవరూ బిళ్ళ అనరు. రూపాయి బిళ్ళను ఎవరూ ఉండ అనరు. ఈ మాటలు మీ పాపకు ఎప్పుడో వచ్చు. గోళం, స్థూపం, శంకువు అనే పుస్తకం మాటల కంటే ముందు వీటితో మొదలుపెట్టండి.

రేపు సాయంత్రం చపాతీల పీటకు ఒకవైపు రెండు పుస్తకాలు ఎత్తుపెట్టి వాలుగా చేయండి. గోలీని వదలండి. ఎలా పెట్టినా దొర్లిపోతుంది. రూపాయి బిళ్ళను పడుకోబెడితే జారుతుంది, లేదా ఉన్నచోటే ఉంటుంది. అంచు మీద నిలబెడితే మాత్రం దొర్లుతుంది. అట్టతో చుట్టిన గొట్టం అడ్డంగా పెడితే దొర్లుతుంది, నిలువుగా పెడితే దొర్లదు. అగ్గిపెట్టె ఎటు తిప్పి పెట్టినా దొర్లదు. ఇక పొట్లం. వేరుశనగకాయల బండి దగ్గర ఇచ్చేలాంటి కాగితపు పొట్లం ఒకటి గట్టిగా చుట్టి, మూతి అంచును గుండ్రంగా సమానంగా కత్తిరించి, నేల మీద అడ్డంగా పెట్టి మెల్లగా తోయండి. అది ముందుకు పోదు. మొన చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. పిల్లలు దీన్ని పదిసార్లు చేసినా విసుగు చెందరు, నేనూ చెందను.

అప్పుడు ‘ఎందుకలా?’ అని అడగండి. జవాబు కోసం తొందరపెట్టకండి. గోలీ నేలను ఒకే ఒక్క చోట తాకుతుంది. గొట్టం ఒక గీత పొడవునా తాకుతుంది. అగ్గిపెట్టె ఒక ముఖమంతా ఆనించి కూర్చుంటుంది. ఈ మూడు తాకిళ్లే మొత్తం విషయం. గోళానికి చదునైన చోటంటూ లేదు, మూల లేదు, అంచు లేదు. దాని పైతలం మీద ఏ చోటైనా నడిమధ్య బిందువుకు ఒకే దూరం. అందుకే దానికి తల, కాళ్లు అనే తేడా లేదు. స్థూపానికి రెండు చదునైన చివర్లు, మధ్యలో వంపు తిరిగిన ఒక తలం. శంకువుకు ఒక చదునైన అడుగు, ఒక మొన. ఇవి పాప నోటి నుంచి వచ్చాక, ఇంచుమించుగా వచ్చినా సరే, అప్పుడు పేర్లు చెప్పండి: ఉండ గోళం, గొట్టం స్థూపం, పొట్లం శంకువు, అగ్గిపెట్టె దీర్ఘఘనం, లూడోలో వేసే పాచిక సమఘనం. ఇంగ్లీషు పేర్లు కూడా అప్పుడే చెప్పేయవచ్చు. వస్తువు స్పష్టంగా తెలిశాక రెండు పేర్లు బరువు కావు.

మరి బిళ్ళ ఎవరి బంధువు? ఈ ప్రశ్న పాపకే వేయండి. పది రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చమనండి. చేతిలో గొట్టంలాంటిది నిలబడుతుంది. పేర్చినది స్థూపమైతే, అందులో ఒక్క బిళ్ళ కూడా స్థూపమే, బాగా పొట్టిది. రూపాయి బిళ్ళ వృత్తం కాదు, దాని అంచు గీత వృత్తం.

కిట్టు కొనవద్దని చెప్పడానికి కూడా ఇదే కారణం. ఆ డబ్బాల్లో ‘త్రిభుజం’ అని ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దానికి మందం ఉంటుంది. మందం ఉన్నదేదీ సమతల ఆకారం కాదు. ఆ ముక్క నిజానికి త్రిభుజాకారపు పట్టకం. పిల్లలు దాన్ని చేత్తో పట్టుకుని ‘ఇది త్రిభుజం’ అని పదేపదే అంటూ, సమతలానికీ ఘనానికీ మధ్య ఉన్న గీతను చెరిపేసుకుంటారు. ఆ డబ్బుతో పాపను ఒక రోజు ఊరు తిప్పండి. ఎక్కడికో కింద చెబుతాను.

మందం లేని ఆకారం కావాలంటే వస్తువు ముఖాన్ని చూడాలి. అగ్గిపెట్టెను కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పించండి. ఒక దీర్ఘచతురస్రం వస్తుంది. పెట్టెను పక్కకు తిప్పితే సన్నటిది ఇంకొకటి, నిలబెడితే చిన్నది మూడోది. ఎదురెదురు ముఖాలు ఒకే కొలత కాబట్టి మూడు రకాలు రెండేసి, మొత్తం ఆరు ముఖాలు. తర్వాత మూలలు లెక్కపెట్టించండి. ఇక్కడే పిల్లలు తప్పుతారు, లెక్కపెట్టిన మూలనే మళ్లీ లెక్కపెడతారు. దానికి మీ ఇంట్లో మందు ఉంది: ఒక్కో మూలకు ఒక్కో కుంకుమ బొట్టు పెట్టమనండి. ఎనిమిది బొట్లు పడతాయి. అంచుల వెంట పసుపు రాయమంటే పన్నెండు గీతలు. శీర్షాలు 8, అంచులు 12, ముఖాలు 6. పాచికకూ ఇవే అంకెలు వస్తాయి. తేడా ఒక్కటే, పాచిక ముఖాలన్నీ ఒకే కొలత చతురస్రాలు.

ఇక్కడ ఒక అద్భుతం ఉంది, దాన్ని పాపకు దక్కకుండా చేయకండి. బంగాళాదుంపను చాకుతో పాచికలా నలుపలకలుగా చెక్కండి. చాకు పని మీదే. ఒక మూలను ఐమూలగా చిన్న ముక్క తీసేయండి. తెగిన చోట ఒక కొత్త ముఖం కనిపిస్తుంది, అది త్రిభుజం. చతురస్రాలు తప్ప వేరేవి లేని ఒంట్లో త్రిభుజం ఎక్కడ దాక్కుందో అని పాప ఆశ్చర్యపోనివ్వండి. ఇప్పుడు మళ్లీ లెక్క: ఒక మూల పోయి మూడు వచ్చాయి కాబట్టి శీర్షాలు 10. అంచులు 15. ముఖాలు 7. శీర్షాలూ ముఖాలూ కలిపి అంచులు తీసేయండి. కోయకముందు 8+6−12, కోసిన తర్వాత 10+7−15. రెండుసార్లూ 2 మిగులుతుంది. ఇంకో మూల కోసినా 2. చతురస్రపు అడుగున్న పిరమిడ్‌కు శీర్షాలు 5, ముఖాలు 5, అంచులు 8, అక్కడా 2. ఆయిలర్ అనే స్విట్జర్లాండ్ గణితవేత్త 1750లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పాడు. దాన్ని మీ పాప వంటింటి గట్టు మీద బంగాళాదుంపతో చూడగలదు. గోళం, స్థూపం, శంకువులకు మాత్రం ఈ లెక్క వేయించకండి. వంపు తిరిగిన అంచును అంచుగా లెక్కించాలా వద్దా అన్న దానిపై బడి పుస్తకాల్లో తలో మాట ఉంటుంది. దాని కోసం పిల్లతో వాదన అనవసరం.

ఇక గ్యాస్ బండ. మన ఇళ్లలో సిలిండర్ అనే మాటకు అర్థం అదే కాబట్టి పాపను తప్పుపట్టలేం. బండను బాగా చూడమనండి. నడుము నిటారుగా ఉంది, పైనా కిందా ఉబ్బింది. అచ్చమైన స్థూపానికి రెండు చివర్లూ చదునుగా, ఒకే కొలత వృత్తాలుగా ఉండాలి. బండ నడుము స్థూపం, బండ మొత్తం కాదు. వస్తువులో ఏ భాగం ఏ ఆకారమో విడదీసి చెప్పడం పాపకు అలవాటైతే, పెద్ద తరగతుల్లో వచ్చే చిక్కు లెక్కలు సగం తేలికవుతాయి.

గుంటూరు పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగు లెక్కల పుస్తకంలో సిలిండర్‌ను స్థూపం అంటారు. సాంఘిక పుస్తకంలో అమరావతి స్థూపం వస్తుంది. పాప ఎప్పుడో ఒకరోజు ‘అది గొట్టంలా లేదే’ అని అడుగుతుంది. అడగకముందే తీసుకెళ్లండి, మీకు గంట ప్రయాణం. అక్కడి శిల్ప ఫలకాల మీద చెక్కిన మహాచైత్యం (ఆ స్థూపానికే ఇంకో పేరు) రూపాన్ని చూపించండి. కింద వెడల్పుగా, పొట్టిగా బిళ్ళలాంటి పీఠం, దాని మీద బోర్లించిన గిన్నెలాంటి గుమ్మటం. పీఠం లెక్కల పుస్తకంలోని స్థూపం, గుమ్మటం అర్ధగోళం. రెండూ కలిస్తే చరిత్ర పుస్తకంలోని స్థూపం. ఒకే మాట రెండు చోట్ల రెండు అర్థాలతో ఉందని పిల్లలకు దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే తమకే అర్థం కాలేదనుకుని ఊరుకుంటారు.

ఇప్పుడు అక్కడ గుమ్మటం లేదు, గుండ్రటి అడుగుభాగం మిగిలింది. దాని వ్యాసం దాదాపు 50 మీటర్లు. దాని చుట్టూ పాపతో ఒక ప్రదక్షిణ చేయించండి. అంచు వెంటే నడిస్తే సుమారు 157 మీటర్లు, కొంచెం ఎడంగా నడిస్తే ఇంకాస్త ఎక్కువ. వ్యాసానికి మూడింతలు, ఆ పైన కొద్దిగా. ఈ మూడింతల సంగతిని ఇంటికి వచ్చాక గాజులతో సరిచూడండి. గాజుల కొట్టులో రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటారు కదా, అది గాజు లోపలి వ్యాసం. రెండు అంగుళాలు, దాని మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగో, ఆరో, ఎనిమిదో. రెండు ఎనిమిది గాజంటే రెండున్నర అంగుళాలు, అంటే 6.35 సెంటీమీటర్లు. దాని లోపలి అంచు వెంట దారం పెట్టి, తీసి స్కేలు మీద కొలవండి. దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. లెక్కలంటే భయమని రాశారు. కానీ చేయి చూసి గాజు సైజు చెప్పేటప్పుడు మీరు వ్యాసాన్ని అంగుళంలో పదహారో వంతు తేడాతో అంచనా వేస్తున్నారు. ఈ మాట పాప వినేలా ఇంట్లో ఒకసారి అనండి. తల్లికి లెక్కలంటే భయమని రోజూ వినే పిల్లకు ఆ భయం అంటుకుంటుంది.

‘డైమండ్’ దగ్గరికి వద్దాం. ఇదే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. పాప మనసులో చతురస్రం అంటే అడుగు నేలకు ఆనించి కూర్చున్న కిటికీలాంటి బొమ్మ. మూల మీద నిలబడితే ఆ బొమ్మతో పోలిక కుదరక వేరే పేరు వెతుక్కుంటోంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులు పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే 1957లో తమ పరిశోధనల్లో ఇదే చెప్పారు. పిల్లలు ఆకారాన్ని మొదట మొత్తంగా, ముఖం గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. తర్వాతి మెట్టులో దాని గుణాలను చూస్తారు. ఆ తర్వాతే ఒక ఆకారానికీ ఇంకోదానికీ ఉన్న చుట్టరికం అర్థమవుతుంది. మెట్టు ఎక్కడం వయసుతో దానంతట అదే జరగదు, చేయించిన పనులను బట్టి జరుగుతుందని కూడా వారన్నారు. మీ పాప మొదటి మెట్టు మీద ఉంది. చార్టులు ఆ మెట్టు మీదే కూర్చోబెడతాయి.

రెండో మెట్టు ఎక్కించడానికి కొబ్బరి ఈనెలు చాలు. ఒకే పొడవు ముక్కలు నాలుగు తీసుకుని, మూలల్లో సైకిల్ వాల్వు ట్యూబు చిన్న ముక్కలతో అతికించండి. సైకిల్ షాపులో అడిగితే ఇస్తారు. చతురస్రం తయారవుతుంది. ఒక మూల పట్టుకుని నొక్కితే పక్కకు ఒరుగుతుంది. భుజాలు మారాయా? లేదు. మరేం మారింది? మూలలు. నోటుబుక్కు మూలను మూలమట్టంలా ఆనించి చూడమనండి. ముందు సరిగ్గా సరిపోయిన మూల ఇప్పుడు సరిపోదు. ఈ ఒరిగినదే పాప చెప్పే డైమండ్, పుస్తకంలో రాంబస్. ఇప్పుడు దాన్ని మళ్లీ చతురస్రం చేసి, ఒరగనివ్వకుండా, మొత్తంగా తిప్పి మూల మీద నిలబెట్టండి. మూలమట్టం పెట్టి చూడమనండి. నాలుగు మూలలూ సరిపోతాయి. ‘నువ్వు పక్కకు తిరిగి పడుకుంటే నీ పేరు మారుతుందా?’ అని అడగండి. సంక్రాంతి గాలిపటాన్ని కూడా ఇలాగే పరీక్షించవచ్చు.

అదే పుల్లలు మూడు కలిపితే త్రిభుజం. దాన్ని ఎంత నొక్కినా ఒరగదు, పుల్ల విరగాల్సిందే. భుజాల పొడవులు ఖాయమైతే త్రిభుజం కోణాలు కూడా ఖాయం, చతుర్భుజానికి ఆ గుణం లేదు. మీరు రైలులో విజయవాడ వెళ్లేటప్పుడు కృష్ణ మీది వంతెన దాటుతారు కదా, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇనుప దూలాల మధ్య ఏ ఆకారం కనిపిస్తోందో అడగండి. జవాబు తనే చెబుతుంది, కారణం కూడా.

మీ అత్తగారి మాటకు వస్తే, ఆవిడ పక్షమే నాది. ముగ్గులో సరి చుక్కలు, సందు చుక్కలు అని రెండు పద్ధతులున్నాయి. ఈ రెండింటి మధ్య సమతల ఆకారాల పాఠం సగానికి పైగా ఉంది. సరి చుక్కల్లో ఐదు వరుసలు, వరుసకు ఐదు వేయించండి. పక్కపక్కన ఉన్న నాలుగు చుక్కలు కలిపితే చిన్న చతురస్రం. ఇప్పుడు మధ్యలో ఏదో ఒక చుక్కను చూపించి, దాని పైన, కింద, కుడి, ఎడమ ఉన్న నాలుగు చుక్కలను కలపమనండి. వచ్చేది మూల మీద నిలబడిన బొమ్మ. పాప డైమండ్ అంటుంది. అప్పుడు పాపనే లేపి ముగ్గు పక్కగా నడిపించి, మూల వైపు నుంచి చూడమనండి. ఎదురుగా చక్కటి చతురస్రం ఉంటుంది. పైగా మొదటి చిన్న చతురస్రానికి ఇది సరిగ్గా రెండింతల వైశాల్యం. లోపల రంగు నింపితే, ఎంత రంగు పట్టిందో చూసి పాపే పోల్చుకుంటుంది.

సందు చుక్కలది ఇంకో ప్రపంచం. మధ్య వరుస 9 చుక్కలు, అటూ ఇటూ సందుల్లో తగ్గిస్తూ 5 వచ్చేవరకు పెట్టే ముగ్గు మీ అత్తగారికి తప్పకుండా వచ్చి ఉంటుంది. మొత్తం 61 చుక్కలు. ఆ చుక్కల మొత్తం హద్దే ఒక షడ్భుజి. లోపల ఏ చుక్కను తీసుకున్నా చుట్టూ ఆరు చుక్కలుంటాయి. వాటిని కలిపితే చిన్న షడ్భుజి, మధ్య చుక్కకు గీతలు లాగితే ఆరు త్రిభుజాలు. పక్కపక్క త్రిభుజాలు రెండు కలిపితే రాంబస్. మూడు కలిపితే ట్రెపీజియం, అంటే ఎదురెదురు భుజాలు ఒక జత మాత్రమే సమాంతరంగా ఉండే చతుర్భుజం. చుక్కల ఎడం సమానంగా పడితే ఇవన్నీ కచ్చితంగా కుదురుతాయి. సంవత్సరాల తరబడి చేసిన చేయి కాబట్టి ఆవిడకు పడుతుంది. ఆవిడ నేర్పనివ్వండి, మీరు పక్కన కూర్చుని పేర్లు మాత్రం అందించండి.

చతురస్రం దీర్ఘచతురస్రమేనా అన్న తగాదాలో మీరు చెప్పిందే సరి. నాలుగు మూలలూ లంబకోణాలైతే ఆ చతుర్భుజం దీర్ఘచతురస్రం. చతురస్రానికి ఆ గుణం ఉంది, భుజాలన్నీ సమానం కావడం దానికి అదనం. మిర్చి యార్డులో తేజ రకాన్ని చూపించి ‘ఇది మిరపకాయ కాదు, తేజ’ అని ఎవరైనా అంటారా? తేజ మిరపకాయే. మిరపకాయలన్నీ తేజ కావు. పాపకు ఈ పోలిక అర్థమవుతుంది. అలాగే చతురస్రం రాంబస్ కూడా. కానీ ఈ విషయంలో టీచరు మీద గెలవాలని చూడకండి. చిన్న తరగతుల్లో రెండింటినీ విడివిడిగా గుర్తుపట్టించాలని కొందరు అలా చెబుతారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పుస్తకమే చతురస్రాన్ని దీర్ఘచతురస్రాల్లో చేర్చి చూపిస్తుంది. టీచరుతో పాప లేనప్పుడు, నెమ్మదిగా మాట్లాడండి. పాపతో మాత్రం ‘రెండూ ఎలా ఒకటి, ఎలా వేరు, నువ్వే చూసి చెప్పు’ అనండి.

చూడడానికి ఒక మంచి పద్ధతి మడత. నాలుగు వైపులా సమానంగా ఉన్న చేతిరుమాలును ఐమూలగా మడిస్తే అంచులు అతుక్కుపోతాయి. నోటుబుక్కు కాగితాన్ని ఐమూలగా మడిస్తే అతుక్కోవు, చెవులు బయటకు వస్తాయి. పెద్దవాళ్లు కూడా చాలామంది అతుక్కుంటాయనే అనుకుంటారు. చతురస్రాన్ని నాలుగు రకాలుగా సరిసగం మడవగలం, దీర్ఘచతురస్రాన్ని రెండే రకాలుగా. అదే ఐమూల కొలతను మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు వాడతారు. ఎదురెదురు గోడల కొలతలు సరిపోయి, రెండు ఐమూలలూ సమానంగా వస్తేనే గది మూలలు సరిగ్గా ఉన్నట్టు. మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు మొదలవుతుంటే పాపను తీసుకెళ్లి చూపించండి. పుస్తకంలో కర్ణం అన్నది మేస్త్రీ టేపు కింద కనిపిస్తుంది.

వీధి అంటే గుర్తొచ్చింది, మీరున్నది బ్రాడీపేట. లైన్లన్నీ ఒక దిక్కుగా పక్కపక్కన సాగుతాయి, అడ్డరోడ్లు వాటిని కోసుకుంటూ పోతాయి. సమాంతర రేఖలకూ, ఖండించుకునే రేఖలకూ ఇంతకంటే మంచి పటం ఎక్కడ దొరుకుతుంది? ‘4/14’ అని చిరునామా రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మీ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. పెద్ద తరగతుల్లో నిరూపకాలు వచ్చినప్పుడు ఈ చిరునామానే గుర్తు చేయండి. ప్రస్తుతానికి ఒక సాయంత్రం ఇంటి నుంచి బయలుదేరి ఒకే వైపు తిరుగుతూ నాలుగు మూలలు దాటి ఇంటికి రండి. నాలుగు మలుపులు, ఒక్కొక్కటి ఇంచుమించు 90 డిగ్రీలు. నాలుగూ కలిసి 360, అంటే పాప తన చుట్టూ తాను ఒకసారి పూర్తిగా తిరిగినట్టు. నడిచినదంతా చుట్టుకొలత, మధ్యలో ఇళ్లు ఉన్నదంతా వైశాల్యం. ఈ రెండు మాటలను కలిపేసుకునే పిల్లలు పదో తరగతిలో కూడా ఉంటారు. కాళ్లతో తెలిస్తే కలవవు.

చివరగా ఒక ఆదివారానికి పని. పాత క్యాలెండరు దళసరి కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం గీసి కత్తిరించండి. దాని తిన్నటి అంచు నడిమధ్యన మొన వచ్చేలా చుట్టి, ఆ అంచు రెండు సగాలనూ కలిపి అంటిస్తే పొట్లం, అంటే శంకువు వస్తుంది. మూతి వ్యాసం 10 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 8.7 సెంటీమీటర్లు. మిగిలిన కాగితంలో 31.4 సెంటీమీటర్ల పొడవు, 8.7 వెడల్పు ఉన్న పట్టీ కత్తిరించి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా లోపలి నుంచి కాగితపు ముక్కతో అతికించండి. అడుగున అట్ట అంటిస్తే అదే మూతి, అదే ఎత్తు ఉన్న గొట్టం తయారవుతుంది. పట్టీ అంచు వృత్తంగా మారడం పాప చూస్తుంది, అది కూడా పాఠమే. ఇప్పుడు పొట్లం నిండా బియ్యం పోసి, పైన వేలితో సమానంగా తుడిచి, గొట్టంలో ఒంపాలి. మొదలుపెట్టేముందు ఎన్ని పొట్లాలు పడతాయో ఇంట్లో అందరూ తలా ఒక అంకె కాగితం మీద రాయండి, మీ అత్తగారు కూడా. చాలామంది రెండు అని రాస్తారు. మొదటి రెండు పొట్లాలు మీరు పోసినా సరే, మూడోది పాప చేత పోయించండి.